పాస్‌పోర్టు వయసు

పొద్దుగూకంగనే బకెట్ నింపి పెట్టిన.
జులైల షార్జా నల్లా తిప్పితె
తెల్లారగట్ల గూడ చాయ్ నీళ్లే వస్తయ్.
రాత్రంత ఏసీ కింద, మంచాల సందున పెడితెనే
నెత్తి మీద పోసుకునేటట్టు ఐతయ్.

ప్యాకెట్ మీద నవ్వే పిల్లగానికి
ఇరవై ఐదు నిండినయో లేదో,
వానికి రంగెందుకో నాకు తెల్వదు.
లోపల రెండు పొట్లాలు,
ఒక్కటే ప్లాస్టిక్ చేతితొడుగు.
రెండో చెయ్యి ఎవలదనుకున్నరో.

పెరుగు డబ్బల కలిపిన, అరిగిన పళ్లబ్రష్ తోటి.
ఘాటుకు అవతలి బాత్రూంల ఎవలో దగ్గిండు.
"నలభై ఎనిమిది గంటల ముందు
చెవి యెనుక చుక్క పెట్టి చూసుకోవలె"
అని సన్నటి అచ్చరాలల్ల ఉన్నది.
నలభై ఎనిమిది గంటలల్ల
మేం ఒక స్లాబు పోసి
ఇంకోదానికి కర్రలు నిలబెడతం.

నాకు వయసులు రెండు.
చెరువు కట్ట తెగిన ఏడు, బర్రె ఈనిన నెల
అని మా అమ్మ చెప్పిన లెక్కకు యాభై తొమ్మిది.
మెట్‌పల్లి ఏజెంటు రాసిన లెక్కకు యాభై ఒకటి.
"ఎనిమిదేండ్లు నీకు ఫ్రీ, కాకా" అన్నడు ఆనాడు.
ఫ్రీ ఏం గాదు.
నెల నెల కడుతున్న,
ప్యాకెట్‌కు ఏడు దిర్హాములు.

ముందటిది అల్కగనే ఐతది.
పాపిట, చెంపలు, మీసం,
అద్దంల కనవడేదంత నా చేతిల పని.
యెనుక భాగం మాత్రం
పుట్టినకాణ్నుంచి నేను చూడనే లేదు.
దానికి గుల్ జమాన్ రావలె.

నీళ్ల ట్యాంకర్ నడుపుతడు, పెషావర్ దిక్కోడు.
మోదుగుపువ్వు రంగు గడ్డం, గోరింటాకు పెడతడు.
ఆయనకు అరవై రెండు.
ఆయన పాస్‌పోర్టుకు గూడ అరవై రెండు.
"నలుపెందుకు భాయ్" అంటనే
స్టీరింగ్ తిప్పే చేతుల తోటి
నా మెడ వంచి, చెవులు మడిచి,
గోడకు సున్నమేసినంత నిమ్మళంగ రాస్తడు.
తొడుగు నా చేతికే ఉన్నది.
జుమ్మాకు పోయే ముందట
నిమ్మచెక్కతోటి గోళ్లు తోముకున్నడు.
పోలే.

అర్ధగంట ఆగాలె.
నెత్తికి కూరగాయల సంచి కట్టుకొని
కింది మంచంల కూసుంటె
గంగామణి వీడియోల మోగింది.
"సంచి కప్పుకున్నవేంది,
వానొస్తుందా ఆడ?"
ఆడ వానా!
నాకంటె ముందు ఆమెకే నవ్వొచ్చింది.
ఆమె తల ఎన్నడో పత్తిచేనైంది.
"నువ్వు గూడ పెట్టుకోరాదు" అన్న.
"నేనెవలకు ఫోటో ఇయ్యాలె?" అన్నది,
అని, పొయ్యి మీద పాలు పొంగుతున్నయని
ఫోన్ గోడకు ఆనించి పోయింది.
శానాసేపు గోడనే చూసిన.
సున్నం పెచ్చులు లేసినయ్ ఆడ.

బకెట్ నీళ్లు మూడు చెంబులకు నల్లగ,
తర్వాత గోధుమ రంగుల, తర్వాత తేటగ పోయినయ్.
సబ్బుబిళ్ల మీద మచ్చ.
రూంల పిల్లలు "కొత్త పెండ్లికొడుకు" అని
ఈల కొట్టిండ్రు.

మాపటికి రోలాల ఫోటో.
మలయాళీ పిల్లగాడు నా గదుమ లేపి, ఎడమకు తిప్పి,
నొక్కిండు.
అడగకున్నా కంప్యూటర్ల
కండ్ల కింది ముడుతలు రెండు తుడిచిండు.
"చాచా, జుట్టు గూడ ఇండ్లనే నల్లగ చేద్దును,
ఐదు దిర్హాములే."

ఫోటో ఇనుము మోస్తదా బిడ్డా,
వీసా కొత్తగైనంక
పొద్దుగాల నాలుగింటికి వరుసల నిలవడేది నేను,
సూపర్‌వైజర్ టార్చి పడేది
నా మొఖం మీద
అందామనుకున్న.
హిందీల అంత మాట రాలే.
"అచ్ఛా" అన్న.

ఎనిమిది ఫోటోలు జేబుల పెట్టుకొని
బస్సుల నిలవడ్డ.
కూసున్న నేపాలీ పోరడు నన్ను చూసి
లేద్దామా వద్దా అని ఆగి
కూసునే ఉన్నడు.
చెవి పక్కకెల్లి చెమట చుక్కొకటి జారి
కాలర్ మీద పడ్డది.
నల్లగ.
బొటనేలు తోటి తుడిస్తె
ఇంక పెద్దగైంది.